రైలెక్కే ముందురోజే పాడ్‌కాస్ట్‌లు దింపుకోండి

ఒంగోలు నుంచి నెల్లూరుకు రైలులో వెళ్లేవారు, సింగరాయకొండ దాటాక సిగ్నల్ కోసం తంటాలు పడకుండా, ముందురోజు రాత్రే ఇంటి వైఫైలో రెండు మూడు పాడ్‌కాస్ట్ భాగాలను ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకుంటే ప్రయాణమంతా హాయిగా వినవచ్చు. విజ్ఞానశాస్త్రంపై ఆసక్తి ఉంటే, శ్రోతలు పంపిన ప్రశ్నలకు శాస్త్రవేత్తల దగ్గర జవాబులు వెదికే బీబీసీ వరల్డ్ సర్వీస్ 'క్రౌడ్‌సైన్స్'తో మొదలుపెట్టండి. మన పిల్లలు అడిగేవాటి వంటి ప్రశ్నలే అందులో వినిపిస్తాయి కనుక ఇంటిల్లిపాదికీ నచ్చుతుంది. ఆహార విషయాలకు 'ది ఫుడ్ చైన్', పుస్తకాలకు 'వరల్డ్ బుక్ క్లబ్' ఉన్నాయి. రెండోదానిలో పాఠకుల ప్రశ్నలకు రచయితే స్వయంగా సమాధానమిస్తారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఇంగ్లీషు మాట వేగంగా అనిపిస్తే, ప్లేయర్‌లోని స్పీడును 0.8కో 0.75కో తగ్గించండి, కావలి వచ్చేసరికి చెవి అలవాటు పడుతుంది, అప్పుడు మళ్లీ 1కి పెంచుకోవచ్చు.