నెలాఖరు కూరకి ఒక అంకణం: పెరట్లో కూరగాయలు ఎలా వేసుకోవాలి?

మా ఇంట్లో 20వ తేదీ దాటాక కూడా బియ్యానికి లోటుండదు. డబ్బాలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతుంది. టెన్షన్ అంతా కూర గురించే. నెల్లూరు జిల్లా కావలి మార్కెట్లో వంకాయల రేటు అడిగి, "పావుకిలో చాలులే" అని సంచి చిన్నది చేసుకునే రోజులవి. ఆ పది రోజులూ పచ్చడి, చారు, మజ్జిగతో నడిచిపోతాయి.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు ఇచ్చిన బియ్యం నుంచి, 2013 ఆహార భద్రత చట్టం మీదుగా, 2023 జనవరిలో మొదలైన ఉచిత బియ్యం దాకా సర్కారు సాయమంతా ముఖ్యంగా బియ్యం చుట్టూనే తిరిగింది. కూర మన పని. మనిషి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర పైనే. చిన్న పెరడు అదంతా ఇవ్వదు, ఇస్తుందని ఎవరైనా వీడియోలో చెప్పినా నమ్మకండి. కానీ నెలాఖరు పది రోజులు గట్టెక్కిస్తుంది. ఈ వ్యాసం అంతవరకే.

ముందు రేషన్ కార్డు సరిచూసుకోండి

తోట గురించి చెబుతూ కార్డు ఊసెందుకంటారా? బియ్యం కొనే డబ్బు మిగిలితేనే విత్తనాలకీ ఎరువుకీ చేతిలో ఏమైనా ఉంటుంది. మామూలు కార్డుకి మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకి ఇంటికి 35 కిలోలు. అందుకే మామూలు కార్డులో ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. కొత్త కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు ఎక్కించడం మనవాళ్లు వాయిదా వేస్తూనే ఉంటారు. మా చిన్నోడి పేరు ఎక్కించడానికి ఒక ఆఫీసు చుట్టూ ఏడాది తిరిగాను. ఒకసారి సర్వర్ లేదన్నారు, ఒకసారి సంబంధిత ఆయన లీవన్నారు. నెలకు 5 కిలోల చొప్పున ఏడాదికి 60 కిలోలు పోయాయి. దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ రసీదు నంబర్ తీసుకోండి. నేను మొదటి రెండుసార్లూ తీసుకోలేదు, అదే నా తప్పు.

ఎండలో పని చేసేవాళ్ల వేలిముద్రలు అరిగిపోయి రేషన్ షాపు మిషన్లో పడవు. అప్పుడు ఊరికే తిరిగొచ్చేయకుండా కనుపాప స్కాన్ చేయమని అడగండి. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు ఉంటే అంగన్‌వాడీలో పేరు రాయించడం మరవొద్దు. గుడ్డు, పాలు అక్కడి నుంచి వస్తాయి.

ఇంకోమాట. రేషన్ బియ్యంలో కాస్త తేడాగా కనిపించే గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవాళ్లున్నారు. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు. వందకి ఒకటి చొప్పున కలిపినవి. ఏరొద్దు.

చోటు చూసుకోవడం, మట్టి బాగుచేసుకోవడం

మన నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. మొదటి ఏడాదికి అంతకు మించి పెట్టుకోకండి. రోజుకు ఐదారు గంటలైనా ఎండ పడాలి, వంటింటి నుంచి కనపడాలి. కనపడని తోటకి నీళ్లు పోయడం ఎవరికీ గుర్తుండదు.

పొడవు వైపు నాలుగు మడులు చేయండి. ఒక్కోటి సుమారు మూడడుగులు వస్తుంది, మధ్యలో కాలు పెట్టే సందు వదలండి. మడిలోకి దిగకుండా బయటి నుంచే చెయ్యి అందాలి. తొక్కిన మట్టి గట్టిపడి వేరు దిగదు.

మా వైపు సముద్రానికి దగ్గర, అంతా ఇసుక నేల. పొద్దున పోసిన నీళ్లు పది గంటలకల్లా ఉండవు. అలాంటి నేలకి చెరువు మట్టిని మించింది లేదు. ఎండాకాలంలో చెరువు ఎండినప్పుడు ట్రాక్టర్లతో పొలాలకు తోలుతుంటారు కదా, వాళ్లనడిగి నాలుగు గంపలు వేయించుకోండి. మడికి రెండు గంపలు మాగిన పశువుల ఎరువు, ఒక గంప చెరువు మట్టి వేసి జానెడు లోతు తిరగదవ్వండి. పచ్చి పేడ వేయొద్దు, వేరుపురుగూ చెదలూ వస్తాయి. లోపలి ప్రాంతాల్లో, కనిగిరి వైపు ఎర్ర నేలల్లో రాళ్లు ఏరడమే సగం పని. మా పెరట్లో ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్లలు బయటపడ్డాయి, వాటితోనే మడులకి గట్లు పెట్టుకున్నాను.

పెరడు లేని అద్దె ఇంట్లో ఉంటే పాత బియ్యం సంచులు, నూనె డబ్బాలు, చిల్లుపడ్డ బక్కెట్లు పనికొస్తాయి. అడుగున నాలుగు చిల్లులు పెట్టి, సగం మట్టి, సగం ఎరువు నింపండి. వంగ, మిరప, ఆకుకూరలు వాటిలో బాగానే వస్తాయి.

తేదీ చూసి విత్తండి

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, దెబ్బతిని నేర్చుకున్నాను. మొదటిసారి ఉత్సాహంగా తోటకూర విత్తనాలు ప్యాకెట్ మొత్తం ఒకే రోజు నాలుగు మడుల్లోనూ చల్లేశాను. బ్రహ్మాండంగా వచ్చింది. అంతా ఒకే వారంలో, అదీ నెల మొదట్లో, జీతం చేతిలో ఉన్న రోజుల్లో! వీధంతా పంచిపెట్టాను. సరిగ్గా 22వ తేదీకి మడులు ఖాళీ, మేము మళ్లీ పచ్చడి మెతుకులు.

తోటకూర విత్తిన 25 నుంచి 30 రోజుల్లో పీకేయొచ్చు. కాబట్టి నెలాఖరుకి కావాలంటే ముందు నెల 22, 25, 28 తేదీల్లో మూడు విడతలుగా చల్లండి, ఒక్కో విడతకి మొదటి మడిలో మూడో వంతు చాలు. 20 తర్వాత ఒకదాని వెనక ఒకటి చేతికొస్తాయి. విత్తనం ఆవగింజ కంటే చిన్నది, గుప్పిట్లోంచి ఒక్కచోటే రాలిపోతుంది. చిటికెడు విత్తనానికి గుప్పెడు పొడి ఇసుక కలిపి చల్లి, పైన పల్చగా మట్టి జల్లి, చేత్తో నీళ్లు చిలకరించండి. చెంబుతో కుమ్మరిస్తే విత్తనమంతా గట్టు పక్కకి కొట్టుకుపోతుంది. చీమలు కూడా ఎత్తుకుపోతాయి, మడి చుట్టూ బూడిద గీత గీయండి.

రెండో మడిలో గోంగూర, పాలకూర. ఇవి పీకకుండా కోసుకునేవి. పాలకూరని అడుగున రెండంగుళాలు వదిలి కోస్తే రెండు వారాల్లో మళ్లీ వస్తుంది. గోంగూర చివర్లు తుంచేకొద్దీ పక్క కొమ్మలు వేస్తుంది. మూడో మడిలో బెండ, అడుగున్నర దూరంలో గుంటకి రెండు గింజలు. గింజల్ని రాత్రంతా నానబెడితే త్వరగా మొలుస్తాయి. 45 రోజులకి కాయ మొదలవుతుంది, ఆ తర్వాత రోజు విడిచి రోజు కోయాలి. ఒక్కరోజు మరిచారా, కాయ ముదిరి నార తేలుతుంది. నాలుగో మడిలో నాలుగు వంగ, నాలుగు మిరప నారు మొక్కలు పెట్టండి. నారు కొనుక్కోండి. ఎనిమిది మొక్కల కోసం నారుమడి పోసుకోవడం శ్రమ దండగ.

టమాటా నేను వేయను. మా ఎండకి పూత రాలిపోయి, చివరికి నాకు మిగిలింది ఆకులే. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు కూడా కొనుక్కోవడమే మేలు.

విత్తకుండా వచ్చేవాటినీ చూసుకోండి. తడి ఉన్నచోట పొన్నగంటి కూర, గంగవాయిలాకు వాటంతటవే మొలుస్తాయి. కలుపని పీకి పారేసేముందు పప్పులో వేసి చూడండి.

గోడ మీదా, పందిరి మీదా

అంకణంలో చోటు అయిపోయాక పైకి వెళ్లాలి. బీర, కాకర, సొర తలా ఒక పాదు చాలు. పాదుకి ఒక గంప ఎరువు వేసి, మూడు గింజలు పెట్టి, బలంగా వచ్చిన ఒక్కటే ఉంచండి. బీర 50, 55 రోజుల్లో కాస్తుంది. సొరని చూరు మీదికి పాకించేయండి, ఇల్లు కూడా చల్లగా ఉంటుంది.

చిక్కుడు సంగతి వేరు. నాటు పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితే కానీ పూతకు రాదు. మాఘంలో వేసి "ఆకులే వస్తున్నాయి, ఎవరి దిష్టి తగిలిందో" అనుకోకండి. జులై, ఆగస్టుల్లో వేస్తే సంక్రాంతికి గంపలు నిండుతాయి.

ఒక మూలన మునగ చెట్టు తప్పకుండా ఉండాలి. పీకేఎం-1 రకం గింజ వేస్తే దాదాపు ఆరేడు నెలల్లో కాపుకొస్తుంది, నీళ్లు పెద్దగా అడగదు. మొక్క నడుమెత్తు రాగానే తల తుంచండి. లేదంటే కాయలు మిద్దె ఎత్తున కాసి పక్కింటివాళ్లకే అందుతాయి.

నీళ్లు

బోరు నీళ్లతో బిందె అడుగున తెల్లగా పేరుకుంటుంటే, మడి ఆరాక పైన తెల్లటి పొర కనిపిస్తుంటే, మీ నీళ్లలో ఉప్పు ఎక్కువని అర్థం. అలాంటిచోట బీన్స్ జోలికి వెళ్లకండి. పాలకూర, తోటకూర తట్టుకుంటాయి. బియ్యం కడిగినవీ, కూరగాయలు కడిగినవీ, ఆ నీళ్లన్నీ తోటకే. ఇంట్లో ఫిల్టర్ మిషన్ నుంచి బయటికొచ్చే వేస్ట్ నీళ్లు మాత్రం పోయొద్దు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. మొక్కల మొదట్లో వరిగడ్డో, వేరుశనగ పొట్టో పరిస్తే రెండుపూటల నీళ్లు ఒక పూటకి తగ్గుతాయి. రోహిణి కార్తెలో మాత్రం ఏం పరిచినా ఆగదు. ఆ రెండు వారాలు మునగనీ, కరివేపాకునీ, గోంగూరనీ కాపాడుకుని మిగతావాటి మీద ఆశ వదులుకోండి.

కోళ్లు, పురుగులు

విత్తిన మూడోరోజు మొలకలు వచ్చాయని మురిసిపోతూ లోపలికెళ్లి కాఫీ తాగి వచ్చేసరికి పక్కింటి పెట్ట, పిల్లలతో సహా మడిలో కాళ్లతో గీరుతోంది. గోడవతల నుంచి వాళ్లవ్వ చూసి, "ఏమ్మే, మా కోడికి మేతేస్తున్నావా?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెల్లారే వలలు కుట్టేవాళ్ల దగ్గర చిరిగిన పాత వల తెచ్చి చుట్టూ కట్టాను. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంతకంటే చవకైన కంచె ఉండదు. లోపలి ఊళ్లలో తుమ్మకంప ఉండనే ఉంది.

బెండ, వంగ ఆకుల అడుగున పేనుబంక, తెల్లదోమ చేరితే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొట్టండి. వంగలో కొమ్మ చివర వాడి వేలాడితే లోపల పురుగుంది. మందు వెతకకుండా ఆ చివర తుంచి కాల్చేయండి. దుకాణంలో చూపించే పొలం మందులు నాలుగు మొక్కలకి తేవొద్దు, రేపు ఆ కాయ తినేది మన పిల్లలే.

కార్తీకం వానలు

మన జిల్లాకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం వార్త వినగానే మడి గట్టు ఒకచోట తెంచి నీళ్లు పోయే దారి చేయండి, పందిరి గుంజలు బిగించండి. 2021 నవంబరు వానలకి మా మడుల్లో నీళ్లు నిలిచి వంగ మొత్తం కుళ్లిపోయింది. అప్పటి నుంచి సెప్టెంబరులోనే మడిని జానెడు ఎత్తు చేస్తున్నాను.

విత్తనం

ప్రతి రకంలోనూ ఆరోగ్యంగా ఉన్న ఒక మొక్కని కోయకుండా వదిలేయండి. బెండకాయ మొక్క మీదే ఎండిపోవాలి, వంకాయ పసుపు పచ్చగా పండాలి. గింజ తీసి, నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో పోసి, పేరూ నెలా రాయండి. హైబ్రిడ్ ప్యాకెట్‌వి మాత్రం దాచొద్దు, రెండోసారి అదే కాపు రాదు.

అన్ని రకాలూ ఒక్కరే దాచడం కష్టం. రోజుకో రూపాయితో పొదుపు సంఘాలు నడిపిన జిల్లా మనది. మా సంఘంలో ఇప్పుడు అప్పు లెక్కలు అయ్యాక సీసాలు బయటికి తీస్తాం. నా దగ్గర బెండ, ఇంకొకావిడ దగ్గర చిక్కుడు, కోడి గలావిడ దగ్గర నాటు సొర. పోయిన నెల ఆ అవ్వే పది సొర గింజలు నా చేతిలో పెట్టి, "వల బిగించి కట్టుకో అమ్మే, పెట్ట మళ్లీ పొదిగింది" అంది.