పాత జీపులో పెట్రోలు ముల్లు పనిచేయకపోతే

గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు ముల్లు పడిపోయి, దిగేటప్పుడు లేస్తే రిపేరు అక్కర్లేదు. ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకు ఒరిగితే దాని మీద తేలే ఫ్లోటూ దాంతోనే పోతుంది. చదును నేల మీద ఆపినా ముల్లు సరైన చోటికి రాకపోయినా, ట్యాంకు నింపినా అడుగునే ఉన్నా, ఒకేచోట ఎగిరెగిరి పడుతున్నా అప్పుడు చూడాలి.

షాపుల్లో ట్యాంక్ యూనిట్ అనో ఫ్లోట్ అనో అడిగితే ఇచ్చే ఈ సామానులో పెద్ద మాయేమీ లేదు. సన్నటి రెసిస్టెన్స్ తీగ చుట్టిన పట్టీ మీద ఒక చిన్న రేకు జారుతుంటుంది. ఫ్లోట్ లేచేకొద్దీ, దిగేకొద్దీ ఓములు (కరెంటుకు ఎదురయ్యే నిరోధం కొలత) మారతాయి, ముల్లు దాన్నిబట్టి కదులుతుంది. కరెంటు తిరిగిపోయే దారి ట్యాంకు ఒంటి గుండానే. అందుకే కొత్త ఫ్లోట్ కొనేముందు ఆ దారి, అంటే ఎర్త్ చూడండి. ట్యాంకుకు రంగు కొట్టి, కింద రబ్బరు పట్టీలు వేసి బిగించాక ఎర్త్ పోయిన బండ్లు కొల్లలు.

ఇంజను ఆపి, ఇగ్నిషన్ కట్టేసి, ఫ్లోట్ మీది వైరు ఊడదీసి, మళ్లీ ఇగ్నిషన్ ఆన్ చేయండి. ముల్లు ఒక కొసకు పోవాలి. ట్యాంకుకు దూరంగా, ఛాసిస్ మీద గీకి తెల్లబరిచిన చోట ఆ వైరును ఐదారు సెకన్లు ఆనిస్తే రెండో కొసకు పోవాలి. అంతకంటే ఎక్కువసేపు ఆనించొద్దు, కొన్ని గేజీలు కాలిపోతాయి. ఏ కొస నిండు, ఏది ఖాళీ అన్నది బండిని బట్టి మారుతుంది. రెండు వైపులా తిరిగితే గేజీ, వైరు బాగున్నట్టే. టెంపరేచర్ ముల్లు కూడా తప్పు చూపిస్తుంటే ట్యాంకు జోలికి పోకండి, డాష్‌బోర్డు వెనక స్టెబిలైజర్ (గేజీలకు వోల్టేజీ నిలకడగా ఇచ్చే చిన్న డబ్బా) ఉన్న బండి అయితే ముందు దాన్ని అనుమానించండి.

తర్వాత ఇగ్నిషన్ కట్టేసి, వైరు తిరిగి పెట్టి, ఫ్లోట్ మూత నుంచి ఛాసిస్‌కు విడిగా ఒక వైరు కట్టండి. ఇగ్నిషన్ వేయగానే ముల్లు సరిగ్గా లేచిందా? ఆ వైరు కొసలకే చక్కగా లగ్ (స్క్రూ కింద పట్టే రేకు రింగు) వేసి బిగించేస్తే పని అయిపోయింది.

లేదంటే విప్పాల్సిందే. అనంతపురం ఎండలో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. తెల్లవారుజామున, ఆరుబయట, బ్యాటరీ నెగటివ్ తీసేసి, ట్యాంకు సగానికి తగ్గించి మొదలుపెట్టండి. బీడీ, సిగరెట్టు, డ్రిల్లు దరిదాపుల్లో ఉండకూడదు. చాలా జీపుల్లో ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది కాబట్టి ఫ్లోట్ పైనుంచే వస్తుంది. స్క్రూలు తిప్పే ముందు చుట్టూ ఉన్న మట్టిని బ్రష్షుతో, తడిగుడ్డతో తీసేయండి, లేకపోతే అదంతా ట్యాంకులోకే. బిగుసుకున్న స్క్రూలకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేయండి. ఫ్లోట్ చేయి వంగకుండా వాలుగా తిప్పుతూ పైకి తీయాలి.

ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే గలగలమంటే లోపలికి పెట్రోలు దిగినట్టే. బయట వేడినీళ్లలో ముంచితే బుడగలు వచ్చే చోటే చిల్లు. లోపలి పెట్రోలు పూర్తిగా కార్చి, రెండు మూడు రోజులు ఆరబెట్టాకే ఎలక్ట్రిక్ ఐరన్‌తో మాటు వేయండి, మంట మాత్రం వద్దు. మాటు సీసం పల్చగా పడాలి. బరువెక్కితే ఫ్లోట్ మునిగి ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. కార్క్ ఫ్లోట్ అయితే మార్చేయడమే మేలు. దాని మీది లక్క పూతను ఇప్పటి ఈ20 (ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిపిన) పెట్రోలులోని ఇథనాల్ కరిగిస్తుంది.

తీగ పట్టీని కాంటాక్ట్ క్లీనర్‌తో, మెత్తటి గుడ్డతో తుడవండి. ఉప్పు కాగితం పెట్టి రుద్దితే సన్నతీగ తెగుతుంది. మల్టీమీటరును మీ ఫ్లోట్‌కు సరిపడే ఓముల మీద పెట్టి ఫ్లోట్ చేతిని మెల్లగా ఆడించండి: అంకెలు సాఫీగా మారాలి. ఒకచోట మారకుండా ‘1’ అనో ‘ఓఎల్’ అనో చూపితే అక్కడ రేకు తగలడం లేదు, లేదా తీగ తెగింది. బండి ఎక్కువగా తిరిగేది పావు, సగం మధ్యే కాబట్టి అరుగుదలా అక్కడే. రేకును కాస్త వంచితే సరిపోవచ్చు. నడుమ తెగిన తీగకు మామూలు మాటు అంటుకోదు, కొత్తది కొనాల్సిందే. మీ గేజీకి సరిపోయే ఓములు చూసి మరీ కొనండి. కీలు దగ్గర కాంటాక్టు పోతుంటే ఫ్లోట్ చేతి నుంచి మూతకు మెత్తటి రాగి అల్లిక తీగను వదులుగా మాటు వేయండి.

బిగించేటప్పుడు కొత్త నైట్రైల్-కార్క్ ప్యాకింగ్ వాడండి. మామూలు సిలికాన్ పేస్టు పెట్రోలులో ఉబ్బి ఊడిపోతుంది. మూత మీది స్క్రూ రంధ్రాల మధ్య దూరాలు చాలావాటిలో సమానంగా ఉండవు, కూర్చునే తీరు ఒకటే, బలవంతపెట్టకండి. స్క్రూల కింద ఫైబర్ వాషర్లు వేసి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ట్యాంకు నింపి రాత్రంతా ఉంచి, పొద్దున తడి, వాసన చూడండి.

చివరి సర్దుబాటుకు ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేదాకా ఆగి, బంకులో 5 లీటర్ల చొప్పున పోయించుకుంటూ ముల్లు ఎక్కడ ఆగిందో రాసుకోండి. ప్రతిసారీ ఓ నిమిషం ఆగాలి, ముల్లు నిదానంగా లేస్తుంది. తేడా ఉంటే ఫ్లోట్ తీగను వంచాలి, కానీ ఖాళీ వైపు నిజం చూపేలా వంచండి. నిండు వైపు కాస్త అటూఇటూ అయినా ఎవరూ రోడ్డు మీద ఆగిపోరు.