ఇంట్లో కాచే ఐపీఏ: చేదుకీ ఘాటుకీ లెక్క ఎలా కుదరాలి

ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు) రెసిపీ చేతికి రాగానే చాలామంది ముందు చూసేది ఐబీయూ అంకె. 70 ఉంటే అమ్మో చేదు అనుకుంటారు, 40 ఉంటే చప్పగా ఉంటుందని వదిలేస్తారు. ఆ అంకె ఒక్కటే పట్టుకుంటే ఏమీ తెలియదు. లీటరు బీరులో సుమారు ఎన్ని మిల్లీగ్రాముల ఐసో-ఆల్ఫా ఆమ్లాలు, అంటే హాప్స్ అనే చేదు పూల నుంచి వచ్చే చేదు పదార్థాలు ఉన్నాయో చెప్పేదే ఐబీయూ, అంతవరకే. ఆ చేదు నాలుకకి ఎలా తగులుతుందనేది మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి ఎంత మిగిలింది, ఆల్కహాల్ ఎంత ఉంది, నీళ్ళలో ఏ లవణాలున్నాయి అన్నదాన్ని బట్టి మారిపోతుంది. కాకరకాయ పులుసులో కాయ ఎంత చేదైనా చివరికి తేల్చేది ఎంత బెల్లం పడిందన్నదే కదా, ఇదీ అంతే. అందుకే ముందు ఘాటు, అంటే ఆల్కహాల్, ఎంత కావాలో తేల్చుకోండి, పులిశాక ఎంత తీపి మిగలాలో తేల్చుకోండి, హాప్స్ తూకం ఆ తర్వాత.

ఇదంతా ఇంట్లో బీరు కాచుకోవడానికి చట్టం ఒప్పుకునే చోట ఉన్నవాళ్ళ కోసం. అమెరికాలో 1978 నాటి చట్టంతో ఫెడరల్ స్థాయిలో అనుమతి వచ్చింది: ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గాలన్లు, ఒక్కరే ఉంటే 100, అమ్మకూడదు. ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్స్ లేకుండా కాయడం ఎక్సైజ్ నేరం, కాబట్టి అక్కడ ఉన్నవాళ్ళు ఆ పని పెట్టుకోవద్దు.

లెక్కకి రెండు గ్రావిటీ అంకెలు చాలు; నీళ్ళని 1.000 అనుకుంటే ద్రవం ఎంత చిక్కగా ఉందో చెప్పేదే గ్రావిటీ. ఈస్ట్ వేసే ముందు వర్ట్ (మాల్ట్ నుంచి తీసిన తీపి ద్రవం) చిక్కదనం ఓజీ, పులవడం పూర్తయ్యాక మిగిలింది ఎఫ్‌జీ. రెండింటి తేడాని 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. ఓజీ 1.062, ఎఫ్‌జీ 1.012 అయితే తేడా 0.050, అంటే 6.5 శాతం కంటే కాస్త ఎక్కువ. అమెరికన్ ఐపీఏకి ఇది నడిమధ్య ఘాటు. ఈ రకం బీరు మామూలుగా 5.5 నుంచి 7.5 శాతం మధ్య, 40 నుంచి 70 ఐబీయూ మధ్య ఉంటుంది.

ఇప్పుడు చేదుని ఘాటుతో కలిపి చూసే నిష్పత్తి. ఐబీయూని ఓజీలోని చివరి రెండంకెలతో భాగించండి. 1.062 వర్ట్‌కి 60 ఐబీయూ అయితే 60 బై 62, సుమారు 0.97. ఐపీఏకి 0.8 నుంచి 1.1 దాకా బాగుంటుంది. 0.7కి దిగితే అది పేల్ ఏల్ దారి పట్టినట్టు, 1.2 దాటితే మొదటి గుక్క బాగానే ఉంటుంది కానీ సగం గ్లాసు అయ్యేసరికి నాలుక మొద్దుబారిపోయి హాప్స్ వాసన కూడా పట్టదు. మొదటిసారి కాచేవాళ్ళు 0.9 దగ్గర పెట్టుకోండి, ఎటు జరగాలన్నా సులువు.

ఈ నిష్పత్తిలో ఒక లోపం ఉంది. ఇది ఓజీని చూస్తుంది, ఎఫ్‌జీని చూడదు. ఒకే ఓజీ, ఒకే ఐబీయూ ఉన్న రెండు బీర్లలో ఒకటి 1.010కి దిగి, ఇంకోటి 1.018 దగ్గర ఆగిపోతే, తాగేవాళ్ళకి అవి రెండు వేరే బీర్లు. మొదటిది పొడిగా, అంటే తీపి మిగలకుండా, చేదు తేటగా తెలుస్తుంది, రెండోది జిగటగా ఉండి చేదూ తీపీ ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటాయి. నా మటుకు ఐపీఏ చెడేది హాప్స్ తక్కువై కాదు, ఎక్కువసార్లు తీపి మిగిలిపోయి. మాష్‌ని, అంటే వేడినీళ్ళలో నానే మాల్ట్‌ని, 65, 66 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే పులిసే చక్కెరలు ఎక్కువ వస్తాయి, 69కి వెళ్తే పులవనివి ఎక్కువ మిగులుతాయి. తీపి మిగిల్చే క్రిస్టల్ మాల్ట్ మొత్తం గింజల్లో 5 శాతం దాటనివ్వకండి.

అయిదు గాలన్లకి, అంటే 19 లీటర్లకి, ఒక లెక్క చూపిస్తాను. టూ-రో పేల్ మాల్ట్ 5 కిలోలు, మ్యూనిక్ మాల్ట్ 250 గ్రాములు, ‘క్రిస్టల్ 40’ రకం మాల్ట్ ఇంకో 250 గ్రాములు; మీ సామానుతో గింజల్లోని చక్కెరలో 70 శాతం బయటికి వస్తే ఓజీ 1.062 దగ్గర కూర్చుంటుంది. మాగ్నమ్ హాప్స్, 13 శాతం ఆల్ఫా ఉన్నవి, 28 గ్రాములు 60 నిమిషాలు మరిగిస్తే టిన్‌సెత్ అనే చేదు లెక్కల సూత్రం ప్రకారం సుమారు 40 ఐబీయూ. చివరి 10 నిమిషాలకి సెంటెనియల్ 28 గ్రాములు, 10 శాతం ఆల్ఫావి, వేస్తే ఇంకో 11. మంట ఆపి వర్ట్‌ని 80 డిగ్రీలకి దించాక సిట్రా 56 గ్రాములు 20 నిమిషాలు నానబెడితే వాసన బోలెడు, చేదు మాత్రం ఏడెనిమిది ఐబీయూ మించకపోవచ్చు. మొత్తం 60కి దగ్గర. ఆల్ఫా శాతాలు నేను చెప్పినవి కాదు, మీ ప్యాకెట్ మీద ఉన్నవి వేసుకుని లెక్క కట్టండి, ఎందుకంటే అదే రకం హాప్స్‌కి పంట ఏడాదిని బట్టి ఆ అంకె మారుతుంది. తెరిచిన ప్యాకెట్ గాలి తీసి ఫ్రీజర్‌లో పెట్టకపోతే నెలలు గడిచేకొద్దీ ఆ శాతం తగ్గిపోతుంది కూడా.

మరిగే సమయం ఎందుకంత ముఖ్యమంటే, హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు ఉన్నపళంగా నీళ్ళలో పెద్దగా కరగవు, వేడికి రూపం మారితేనే చేదుగా బీరులో కలుస్తాయి. 60 నిమిషాలు మరిగితే అయిదో వంతు పైన మారుతుంది, 10 నిమిషాలకి ఏడెనిమిది శాతమే. వర్ట్ చిక్కబడేకొద్దీ ఇది ఇంకా తగ్గుతుంది. 1.040 వర్ట్‌లో గంట మరిగిస్తే 25 శాతం దక్కేది, 1.060లో 21కి, 1.080లో 18కి పడిపోతుంది. ఘాటు పెంచితే చేదు కూడా పెంచాలి అనే మాట ఇక్కడినుంచే వస్తుంది: ఓజీ 1.078 ఉన్న డబుల్ ఐపీఏలో (ఇంకా ఘాటైన రకం) అదే 28 గ్రాముల మాగ్నమ్ 34 ఐబీయూ మాత్రమే ఇస్తుంది, అటు మాల్ట్ తీపి చూస్తే పెరిగింది.

డబుల్ ఐపీఏ కాచేవాళ్ళకి ఇంకో మాట. పైన ఎక్కువ మాల్ట్ వేసి ఘాటు తెస్తే బీరు బరువెక్కుతుంది. దాని బదులు 450 గ్రాముల మామూలు పంచదార మరిగేటప్పుడు వేయండి, 19 లీటర్లకి తొమ్మిది పాయింట్ల (0.009) గ్రావిటీ వస్తుంది, అదంతా పులిసిపోతుంది, తీపి మిగలదు. ఓజీ 1.070 దాటితే పొడి ఈస్ట్ ఒక ప్యాకెట్ చాలదు, రెండు వేయండి. పులిసే గది 18 నుంచి 20 డిగ్రీలు దాటకుండా చూడండి. మొదటి మూడు రోజులు వేడెక్కితే గొంతులో మంట పుట్టించే ఘాటైన ఆల్కహాల్స్ తయారవుతాయి, వాటిని ఏ హాప్సూ కప్పలేవు. చేదూ ఘాటూ జంటగా ఆకాశానికి ఎక్కితేనే అసలైన ఐపీఏ అనుకోవడం కూడా సరికాదు. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో లండన్ నుంచి మద్రాసు, కలకత్తాలకి ఓడల్లో వచ్చిన పేల్ ఏల్‌లో హాప్స్ దండిగా ఉండేవి, ఆల్కహాల్ మాత్రం ఆ కాలపు లెక్కలో మరీ ఎక్కువేం కాదు.

నీళ్ళ సంగతి చిన్నగా కనిపిస్తుంది కానీ పెద్దదే. ఇంగ్లండ్‌లో బర్టన్ ఊరి నీళ్ళలో జిప్సమ్ దండిగా ఉండబట్టే అక్కడి పేల్ ఏల్స్‌కి పదునైన చేదు వచ్చింది. జిప్సమ్‌లోని సల్ఫేట్ వల్ల చేదు పొడిగా, సూటిగా తెలుస్తుంది, క్లోరైడ్ మాల్ట్‌ని గుండ్రంగా చేస్తుంది. పది లీటర్ల నీళ్ళలో ఒక గ్రాము జిప్సమ్ వేస్తే సల్ఫేట్ సుమారు 56 పీపీఎం పెరుగుతుంది. లవణాలు లేని ఫిల్టర్ నీళ్ళు 28 లీటర్లు వాడుతుంటే 8 గ్రాముల జిప్సమ్‌తో 160 దగ్గరికి వస్తుంది, పొడిగా, చేదుగా ఉండే వెస్ట్ కోస్ట్ తరహాకి అది చాలు. పొగమంచులా కనిపించే హేజీ ఐపీఏకి మాత్రం దీన్ని తిరగేయాలి: క్లోరైడ్ ఎక్కువ, చేదు నిష్పత్తి 0.6 నుంచి 0.7, హాప్స్‌లో ఎక్కువ భాగం మంట ఆపాకే.

కాచే రోజున ప్లాన్ ప్రకారం అన్నీ రావు, అందుకే మరిగించే ముందే గ్రావిటీ చూడండి, నమూనాని చల్లార్చి మరీ చూడండి. 26 లీటర్లు 1.045 ఉంటే 26ని 45తో గుణించి 19తో భాగిస్తే 61.6, అంటే 1.062కి దారిలో ఉన్నారు. అదే 1.038 కనిపించిందనుకోండి, చివరికి 1.052 దగ్గరే ఆగుతుంది, ఇప్పుడు 60 ఐబీయూ వేస్తే నిష్పత్తి 1.15 అయిపోతుంది. రెండు దారులున్నాయి. లైట్ డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 450 గ్రాములు వేసి గ్రావిటీని 1.061కి తేవచ్చు, లేదంటే ఘాటు తగ్గిందని ఒప్పుకుని మొదటి మాగ్నమ్‌ని 28 నుంచి 20 గ్రాములకి తగ్గించండి, మొత్తం 50 ఐబీయూ అవుతుంది, నిష్పత్తి మళ్ళీ 0.95 చుట్టూ నిలబడుతుంది. చివర్లో వేసే హాప్స్‌ని ముట్టుకోవద్దు, వాసన వాటిదే. నేనైతే రెండో దారే పడతాను, 5.3 శాతం ఐపీఏ కూడా చక్కగా ఉంటుంది.

డ్రై హాపింగ్ (మరిగించకుండా, పులిసే బీరులోనే హాప్స్ వేయడం) చేదు పెంచదు అంటారు, పూర్తిగా నిజం కాదు. వాటిలోని హ్యూమ్యులినోన్స్ అనే పదార్థాలు కొంత చేదు తెస్తాయి, అడుగుకి దిగని హాప్ పొడి గొంతులో గరుకుగా తగులుతుంది. 19 లీటర్లకి 100 గ్రాములు, మూడు రోజులు చాలు. ఇంకో జాగ్రత్త, హాప్స్‌లో ఉండే ఎంజైములు పులవకుండా మిగిలిన చక్కెరల్ని కూడా విరగ్గొడతాయి కాబట్టి ఈస్ట్ మళ్ళీ లేస్తుంది, ఎఫ్‌జీ ఒకటి రెండు పాయింట్లు ఇంకా దిగుతుంది. హడావిడిగా సీసాల్లో పోస్తే అవి పగిలే ప్రమాదం ఉంది. రెండు రోజుల తేడాతో రెండుసార్లు హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే సాధనం) ఒకే అంకె చూపించాకే పోయండి. ఆల్కహాల్ ఉన్న బీరులో రిఫ్రాక్టోమీటర్ (కాంతితో చక్కెర కొలిచే సాధనం) సవరణ లేకుండా తప్పు చూపిస్తుంది, దాన్ని మరిగే రోజుకి ఉంచుకోండి.

బీరు తయారయ్యాక కూడా కొంత సర్దుకోవచ్చు. చేదు గొంతు పట్టుకుంటుంటే ముందు వారం పది రోజులు ఫ్రిజ్‌లో పెట్టండి, పొడి అడుగుకి దిగితేనే అసలు చేదు ఎంతో తెలుస్తుంది. అప్పటికీ ఎక్కువైతే కెగ్‌లో (బీరు పీపాలో) క్యాల్షియం క్లోరైడ్ కొద్దిగా పడితే అంచులు మెత్తబడతాయి. తీపి ఎక్కువై చేదు వెనకబడితే హోమ్‌బ్రూ షాపుల్లో ఐసోమరైజ్డ్ హాప్ ఎక్స్‌ట్రాక్ట్ చుక్కలుగా దొరుకుతుంది. ఏదైనా సరే నేరుగా కెగ్‌లో వేయొద్దు. 100 మిల్లీలీటర్ల చొప్పున మూడు నాలుగు గ్లాసుల్లో పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు కలిపి, ఒక గ్లాసు ఏమీ కలపకుండా వదిలేసి, పక్కపక్కన పెట్టి తాగి చూడండి. నచ్చిన మోతాదుని 190తో గుణిస్తే 19 లీటర్లకి ఎంతో వస్తుంది. ముందు అందులో నాలుగింట మూడు వంతులే వేసి, ఒక రోజు ఆగి, రుచి చూసి మిగతాది కలపండి.