ఎన్నిసార్లు తిరగరాసినా వ్యాసం మెరుగుపడటం లేదా?

సమస్య: కంపోజిషన్ కోర్సులో ప్రతి వ్యాసాన్నీ రెండు మూడుసార్లు తిరగరాస్తున్నారు. తప్పులు తగ్గాయి. మార్కులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. లెక్చరర్ మార్జిన్‌లో "ఇంకా స్పష్టత కావాలి" అని రాస్తూనే ఉన్నారు.

ముందు అసైన్‌మెంట్ ప్రశ్న మళ్లీ చదవండి. "విశ్లేషించండి" అని అడిగితే జరిగిందంతా చెప్పి ఊరుకున్నారేమో చూసుకోండి. నా దగ్గరికి వచ్చే డ్రాఫ్టుల్లో చాలావాటి తంటా ఇదే. ప్రశ్న కాగితం ఏదమ్మా అంటే అప్పుడు బ్యాగు వెతుకుతారు. దయచేసి దాన్ని ఎదురుగా పెట్టుకుని రాయండి.

ప్రశ్నకు తగ్గట్టే రాసినా పని జరగలేదంటే, తిరగరాయడం అనుకుంటూ మీరు చేస్తున్నది దిద్దుబాటు. ఇది నన్నూ చాలాకాలం ముంచింది. "చాలా" తీసి "ఎంతో" పెడతాం, కామాలు సరిచేస్తాం, కాగితం శుభ్రంగా కనిపిస్తుంది. ఇక అనుమానం ఎందుకొస్తుంది? రాయడం ఎలా నేర్పాలో పరిశోధించిన అమెరికన్ అధ్యాపకురాలు నాన్సీ సోమర్స్ 20 మంది విద్యార్థులనూ 20 మంది అనుభవజ్ఞులైన రచయితలనూ పోల్చి 1980లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే కనిపిస్తుంది. విద్యార్థులు ఎక్కువగా మాటలు మార్చారు. అనుభవం ఉన్నవాళ్లు తమ వాదనకు ఒక రూపం వెతుక్కున్నారు.

మీదీ ఇదే జబ్బో కాదో తెలియాలంటే మొదటి పేరా, చివరి పేరా వరసగా చదవండి. ఒక అమ్మాయి వ్యాసం "నేటి సమాజంలో మొబైల్ ఫోన్ ముఖ్యపాత్ర పోషిస్తోంది" అని మొదలైంది. చివర్లో మాత్రం "ఫోన్ లేని ఆ వారంలో, ఎదుటివాళ్లు మాట పూర్తిచేసేదాకా ఆగడం నాకు చేతకాదని తెలిసింది" అని ఉంది. అసలు వ్యాసం అక్కడ మొదలవ్వాలి! మొదటి డ్రాఫ్టులో ఆలోచిస్తూ రాస్తాం కాబట్టి, చెప్పాల్సింది దొరికేసరికి కాగితం అయిపోతుంది. అందరికీ అంతే. దాన్ని అక్కడే వదిలేయడమే తప్పు.

పరిష్కారం: ఆ చివరి వాక్యాన్ని కొత్త కాగితం మీద పైన రాయండి. పాత డ్రాఫ్టులో ఒక్కో పేరా పక్కన, అదేం చెబుతోందో ఒక్క ముక్కలో రాయండి. రాయలేకపోతే ఆ పేరాలో రెండు విషయాలు కలిసిపోయాయి, లేదా ఏమీ లేదు. పైన రాసిన వాక్యానికి పనికిరానివి కొట్టేయండి. ఆ అమ్మాయికి ఆరు పేరాల్లో రెండే మిగిలాయి. పాపం, కళ్లనీళ్లు పెట్టుకుంది. కానీ ఆ వారంలో ఎవరి మాటకు అడ్డుపడిందో రాయడానికి అప్పుడే చోటు దొరికింది. స్పెల్లింగ్, కామాలు ఆఖర్న చూసుకోవచ్చు.

పదసంపద చాలకపోవడం అరుదు. నిఘంటువు తిరగేసి పెద్ద మాటలు ఎక్కించకండి.

గడువుకు ముందురోజు రాత్రి కూర్చుంటే ఇవేవీ కుదరవు. మొదటి డ్రాఫ్టుకీ రెండోదానికీ మధ్య కనీసం ఒక రోజు ఉంచుకోండి.