ఫోన్ పోయినప్పుడు ఏ పని ముందు, ఏ పని తర్వాత

విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సు ఎక్కే తోపులాటలోనో, దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి క్యూలోనో జేబు తడుముకుంటే ఫోన్ ఉండదు. కాళ్లూ చేతులూ ఆడవు. చాలామంది అప్పుడు నేరుగా పోలీస్ స్టేషన్‌కి పరుగెడతారు. స్టేషన్‌కి వెళ్లాల్సిందే, కానీ అంతకు ముందు చెయ్యాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటికి అరగంట చాలు. వరస తప్పితే మాత్రం ఒక పని ఇంకో పనికి అడ్డం పడుతుంది.

మొదట పక్కనున్నవారి ఫోన్ అడిగి మీ నంబరుకి రెండు మూడుసార్లు చెయ్యండి. ఆటోలోనో టీ కొట్టు బల్ల మీదో మర్చిపోయి ఉంటే ఎవరో ఒకరు ఎత్తుతారు. ఎత్తకపోతే అదే ఫోన్‌లో గూగుల్ ఫైండ్ హబ్ తెరిచి మీ జీమెయిల్‌తో లోపలికి వెళ్లండి. ఇదివరకు దీన్నే ఫైండ్ మై డివైస్ అనేవారు. ‘ప్లే సౌండ్’ నొక్కితే ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఐదు నిమిషాలు గట్టిగా మోగుతుంది. తర్వాత ‘మార్క్ యాజ్ లాస్ట్’ నొక్కి, తెర మీద కనబడేలా ఇంట్లోవారి నంబరు పెట్టండి. కొన్ని ఫోన్లలో ఈ మీట ‘సెక్యూర్ డివైస్’ పేరుతో ఉంటుంది.

చాలామంది ఇరుక్కుపోయేది లాగిన్ దగ్గరే. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకున్నవారికి గూగుల్ పంపే కోడ్ పోయిన ఫోన్‌కే వెళుతుంది. ముందే తీసిపెట్టుకున్న బ్యాకప్ కోడ్‌లుగానీ, అదే అకౌంటుతో తెరిచి ఉన్న ఇంట్లోని ల్యాప్‌టాప్‌గానీ ఉంటేనే దారి. ఐఫోన్‌కి ఈ ఇబ్బంది లేదు. ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో ‘ఫైండ్ డివైసెస్’ ఆ కోడ్ లేకుండానే తెరుచుకుంటుంది.

ఈ దశలో ‘ఎరేజ్’ జోలికి వెళ్లకండి. ఆండ్రాయిడ్‌లో అంతా చెరిగిపోయాక ఆ ఫోన్ ఎక్కడుందో ఫైండ్ హబ్ ఇక చూపించదు. అది ఆఖరి ఆయుధం. ఐఫోన్ అయితే, ఎవరు ఏం చెప్పినా, దాన్ని మీ ఆపిల్ అకౌంటులోంచి తొలగించకండి. తొలగిస్తే, మీ పాస్‌వర్డ్ లేకుండా వేరేవారు వాడకుండా ఆపే యాక్టివేషన్ లాక్ పోతుంది, ఇక ఎవరైనా తమదిగా వాడేసుకోవచ్చు.

మ్యాప్‌లో చుక్క కనబడిందని ఒంటరిగా వెతుక్కుంటూ పోవద్దు. గుంటూరు బ్రాడీపేట లాంటి దగ్గర దగ్గర అడ్డరోడ్లున్న చోట ఆ చుక్క ఒక లైను అటూ ఇటూ కావచ్చు, పక్కింటి మీద కూడా పడొచ్చు. సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకి ఇవ్వండి.

ఇదంతా పదిహేను నిమిషాలకి మించకూడదు. ఆ తర్వాత సిమ్ ఆపించాలి. సిమ్ ఆపితే ఫోన్‌కి డేటా పోతుంది, చాలాసార్లు మ్యాప్‌లో చుక్క కూడా ఆగిపోతుంది. అయినా ఆపాల్సిందే. మీ ఫోన్‌కి వేలిముద్ర లాక్ ఉంది, సిమ్‌కి లేదు. దాన్ని తీసి వేరే ఫోన్‌లో వేస్తే మీ ఓటీపీలన్నీ అక్కడికే వస్తాయి. అదే కంపెనీ సిమ్ ఉన్నవారి ఫోన్ నుంచి ఆ కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి చేసి, మీ నంబరు, ఎవరి పేరు మీద ఉందో చెప్పి బ్లాక్ చెయ్యమనండి. సిమ్ నాన్నగారి పేరు మీదో తమ్ముడి పేరు మీదో ఉంటే వారినే మాట్లాడనివ్వండి. రెండు సిమ్‌లుంటే రెండూ ఆపించాలి. ఎప్పుడూ వాడని రెండో సిమ్ బ్యాంకుకి లింకై ఉండటం మామూలే.

వెంటనే బ్యాంకుకి చేసి యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ ఆపమనండి. యూపీఐ పిన్ తెలియకుండా ఎలా తీస్తారని ధీమాగా ఉండకండి. డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ ఉంటే కొత్త పిన్ పెట్టేయొచ్చు. కార్డు ఫొటో తీసి గ్యాలరీలోనో వాట్సాప్‌లోనో దాచుకున్నవారు అవన్నీ ఒకేచోట అప్పగించినట్టే. చిన్న చెల్లింపుల కోసం ముందే కొంత డబ్బు వేసిపెట్టుకునే యూపీఐ లైట్‌కైతే పిన్ కూడా అడగదు. 2024 డిసెంబరులో దాని పరిమితిని ఒక్కో చెల్లింపుకి 1,000 రూపాయలకి, మొత్తం నిల్వ 5,000కి పెంచారు. అప్పటికే డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకు ఇచ్చే ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోండి. 2017 నాటి రిజర్వ్ బ్యాంకు ఆదేశాల ప్రకారం, మీరు తెలియజేశాక జరిగే అనధికార లావాదేవీల నష్టం బ్యాంకుదే. కాబట్టి ఆ సమయమే మీ సాక్ష్యం.

ఇక పోలీస్ స్టేషన్. పోయిన చోటు ఏ స్టేషన్ కిందికి వస్తుందో అక్కడికి వెళ్లండి. రైల్లోనో ప్లాట్‌ఫాం మీదో పోతే రైల్వే పోలీసుల దగ్గరికి. రైల్లోంచి చేతిలోని ఫోన్ పట్టాల పక్కన పడిపోతే చైన్ లాగొద్దు. దగ్గర్లో కనబడే కరెంటు స్తంభం మీది నంబరు గుర్తుపెట్టుకుని రైల్వే హెల్ప్‌లైన్ 139కి చెప్పండి. ఆ నంబరు ఉంటే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఫిర్యాదులో ఐఎంఈఐ నంబరు తప్పకుండా రాయించండి. అది ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, 15 అంకెలు. ఫోన్ పెట్టె మీద, బిల్లు మీద ఉంటుంది. ఆ రెండూ లేకపోతే ఫైండ్ హబ్‌లో ఫోన్ పేరు పక్కనున్న సమాచారం గుర్తు నొక్కి చూడండి. రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు ఐఎంఈఐలుంటాయి. ఒకటే రాస్తే రెండో స్లాటులో ఇంకో సిమ్ వేసుకుని హాయిగా వాడుకుంటారు.

ఆ ఫిర్యాదు కాపీ చేతికొచ్చాక, అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోండి. ఆధార్‌తో స్టోరుకి సిమ్ ఎవరి పేరున ఉందో వారే వెళ్లాలి. ఇక్కడే చాలామంది కంగారుపడతారు. సిమ్ పనిచేస్తుంది, కాల్స్ వస్తాయి, ఓటీపీ మాత్రం రాదు. సిమ్ పాడైందని మళ్లీ స్టోరుకి పోకండి. మోసాలు ఆపడానికి సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. ఆ ఒక్కరోజుకీ చేతిలో నగదు ఉంచుకోండి. వాట్సాప్ మాత్రం అప్పుడే తెచ్చుకోవచ్చు, ఎస్సెమ్మెస్ బదులు ‘కాల్ మీ’ ఎంచుకుంటే ఫోన్ చేసి కోడ్ చెబుతుంది. మీరు ఇక్కడ లాగిన్ కాగానే పాత ఫోన్‌లో వాట్సాప్ మూసుకుపోతుంది.

ఎస్సెమ్మెస్‌లు మొదలయ్యాక కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో, పోయిన ఫోన్ల ఐఎంఈఐలు నమోదు చేసే సీఈఐఆర్ విభాగానికి వెళ్లి, పోయిన ఫోన్‌ని బ్లాక్ చేసే ఫారం నింపండి. ఈ సౌకర్యం 2023 మే నుంచి దేశమంతటా ఉంది. మొబైల్ నంబరు, రెండు ఐఎంఈఐలు, కంపెనీ, మోడల్, పోయిన తేదీ, చోటు, ఫిర్యాదు నంబరు, దాని కాపీ, గుర్తింపు కార్డు అడుగుతుంది. ఫారంలో జిల్లా ఎంచుకునేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోండి. 2022 ఏప్రిల్ 4 నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో, నరసరావుపేట పల్నాడులో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీకి విజయవాడ వైపున పోతే ఎన్టీఆర్ జిల్లా, సీతానగరం వైపున పోతే గుంటూరు జిల్లా. పాత ఆధార్‌లో ఉన్న జిల్లా చూసి కాకుండా, ఫిర్యాదు కాపీలో ఏముందో అదే పెట్టండి. చివర్లో వచ్చే రిక్వెస్ట్ ఐడీ భద్రం. ఫోన్ దొరికాక బ్లాక్ తీయించాలంటే అదే కావాలి. తీయించకపోతే ఫోన్ చేతికొచ్చినా ఏ సిమ్‌కీ సిగ్నల్ రాదు.

బ్లాక్ చేస్తే ఇక పోలీసులు వెతకలేరన్నది అపోహ. ఆ ఫోన్‌లో కొత్త సిమ్ వేసినప్పుడు ఆ సమాచారం వారికి చేరుతుంది.

కొన్నాళ్లకి ‘మీ ఫోన్ దొరికింది, ఈ లింకులో చూడండి’ అని మెసేజ్ రావచ్చు, ముఖ్యంగా ఐఫోన్ పోయినవారికి. అది అచ్చం ఆపిల్ పేజీలాగే ఉంటుంది. పాస్‌వర్డ్ కొట్టారా, యాక్టివేషన్ లాక్ తాళం మీరే అందించినట్టు.

ఈలోగా సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటుంటే, డబ్బులిచ్చే ముందు అందులో *#06# కొట్టి ఐఎంఈఐ చూడండి. ఇంగ్లిషు అక్షరాల్లో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు కొట్టి 14422కి ఎస్సెమ్మెస్ పంపండి. బ్లాక్ లిస్టులో ఉంటే చెబుతుంది.

ఫోన్ ఇంకా చేతిలోనే ఉన్నవారు ఈ పూటే చెయ్యాల్సినవి కొన్ని. *#06# కొట్టి వచ్చిన రెండు నంబర్లూ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. గూగుల్ అకౌంటు సెక్యూరిటీలో బ్యాకప్ కోడ్‌లు పది ఇస్తుంది, అవి కూడా అదే కాగితం మీద. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ లోపలి మాటలు కనబడకుండా నోటిఫికేషన్ సెట్టింగ్ మార్చండి, లేదంటే ఫోన్ తెరవకుండానే ఓటీపీ చదివేస్తారు. వాట్సాప్‌లో ఆరంకెల టూ స్టెప్ పిన్ పెట్టండి. గ్యాలరీలో కార్డు ఫొటోలు తీసెయ్యండి.

అన్నిటికంటే ముఖ్యం సిమ్ పిన్. దీన్ని వాడేవారు చాలా తక్కువ. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద ‘సిమ్ లాక్’ ఉంటుంది. అది పెట్టాక సిమ్‌ని ఏ ఫోన్‌లో వేసినా ముందు పిన్ అడుగుతుంది. అయితే మొదటిసారి పెట్టేటప్పుడు కంపెనీ ఇచ్చిన పాత పిన్ కావాలి, అది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ఊహించి కొట్టకండి, కస్టమర్ కేర్‌ని అడగండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాకై, దాన్ని తెరిచే ఎనిమిదంకెల పీయూకే కోడ్ అడుగుతుంది. దాన్ని కూడా పదిసార్లు తప్పు కొడితే ఆ సిమ్ ఇక పనికిరాదు, కొత్తది తీసుకోవాలి, మళ్లీ 24 గంటలు ఓటీపీలు ఉండవు.