అమెరికన్ గాయని, కవయిత్రి ప్యాటీ స్మిత్ తొలి ఆల్బమ్ ‘హార్సెస్’ను వినే పద్ధతి

1975లో న్యూయార్క్‌లోని ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో, జాన్ కేల్ ప్రొడ్యూసర్‌గా రికార్డయిన ఈ ఆల్బమ్‌ను పాటల వరుస మార్చకుండా, మొదటిసారి సాహిత్యం చూడకుండానే వినండి. ‘గ్లోరియా’లో ఆమె సొంత కవితలోకి వాన్ మోరిసన్ పాట ఎక్కడ ప్రవేశిస్తుందో గమనించండి. 9 నిమిషాలు దాటే ‘బర్డ్‌ల్యాండ్’కు మాత్రం విడిగా సమయం కేటాయించాలి: రిచర్డ్ సోల్ పియానో మీద దాదాపు మాటల్లా మొదలైన ప్యాటీ గొంతు, లెనీ కే గిటార్ తోడయ్యాక ఎంత తీవ్రతకు చేరుతుందో, రెండోసారి సాహిత్యం చేతిలో ఉంచుకొని హెడ్‌ఫోన్స్‌తో వింటేనే పూర్తిగా తెలుస్తుంది, నా దృష్టిలో ఆల్బమ్‌కు ప్రాణం ఇదే. ‘రెడోండో బీచ్’ జమైకా సంగీతమైన రెగే లయలో హాయిగా సాగినా, అందులోని కథ మరణానిది. తర్వాతి ముద్రణల్లో అదనపు పాట చేర్చారు కనుక, గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ స్మృతిలో పాడిన ‘ఎలిజీ’ దగ్గరే తొలిసారి ఆపేయండి.