అమ్మానాన్నల్ని జపాన్ తీసుకొస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఊళ్ళో నుంచి పెద్దవాళ్ళు టోక్యో వస్తున్నారనగానే అందరూ అడిగేది ఏమేం చూపించాలి అని. నేనైతే అది ఆఖర్న ఆలోచించమంటాను. ముందు తిండి, మందులు, నడక, ఈ మూడూ కుదుర్చుకోండి, గుళ్ళూ తోటలూ ఎలాగూ చూస్తారు.

వీసా సంగతి తొందరగా చెప్పేస్తా. ఊరికే తిరగడానికి వచ్చేవాళ్ళకి 2024 ఏప్రిల్ నుంచి ఇండియాలో ఈ-వీసా ఇస్తున్నారు, పాస్‌పోర్ట్‌లో స్టిక్కర్ ఉండదు, ఎయిర్‌పోర్ట్‌లో ఫోన్‌లో నెట్ ఆన్ చేసి లైవ్‌గా ఓపెన్ చేసి చూపించాలి, స్క్రీన్‌షాట్ గానీ ప్రింట్ గానీ ఒప్పుకోరు, అందుకని పెద్దవాళ్ళ ఫోన్‌లో రోమింగ్ ప్యాక్ వేయించి, ఎలా ఓపెన్ చేయాలో ఇంట్లోనే రెండుసార్లు చేయించండి. ఇక్కడున్న పిల్లల దగ్గరికి వచ్చేవాళ్ళకైతే అది వేరే క్యాటగిరీ, ఇన్విటేషన్ లెటర్, ఖర్చు మీరు పెట్టుకుంటుంటే గ్యారంటీ లెటర్ కూడా మీరే పంపాలి. విజిట్ జపాన్ వెబ్ అనే సైట్‌లో ఇమిగ్రేషన్, కస్టమ్స్ వివరాలు ముందే నింపి పెడితే క్యూఆర్ కోడ్ వస్తుంది, అక్కడ ఫారాలు రాసే పని తప్పుతుంది.

మందుల దగ్గర మాత్రం అస్సలు అశ్రద్ధ చేయొద్దు. మనవాళ్ళు మూడు నెలలుంటారు కదా అని బీపీ, షుగర్ మాత్రలు మూడు నెలలకీ సరిపడా కట్టుకొస్తారు. ఇక్కడ డాక్టర్ రాసిచ్చిన మందులు సొంతానికి నెల రోజులవి అయితే ఊరికే తెచ్చుకోవచ్చు, అంతకి మించితే యున్యు కాకునిన్‌షో అనే పర్మిషన్ కాగితం బయల్దేరకముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. కొన్ని జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్, కొన్ని దగ్గు మందుల్లో కోడీన్ ఉంటాయి, వాటి మీద ఇక్కడ చాలా కట్టడి, కాబట్టి మందుల డబ్బా మీరే వీడియో కాల్‌లో ఒక్కొక్కటీ చూసి సర్దించండి, ప్రిస్క్రిప్షన్ ఇంగ్లీష్‌లో రాయించుకుని రమ్మనండి.

సూట్‌కేసులో ఇంకో రెండు చూడాలి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి తేకూడదు, మాంసం కలిసినదేదైనా సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు. పచ్చి కూరగాయలూ ఆకులూ పళ్ళూ కూడా అంతే. మా అమ్మ తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కరివేపాకు కట్ట ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేసుకున్నారు, పెరట్లో చెట్టుదని పాపం ఎంతో అపురూపంగా తెచ్చింది. ఆవకాయ, కందిపొడి మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా వచ్చాయి.

ఇప్పుడు తిండి. శాకాహారులకి ఇక్కడ అసలు చిక్కు మాంసం కాదు, దాషి. ఎండబెట్టి పొగబెట్టిన చేప తురుము మరిగించి తీసే రసం అది, సోయా ముద్దతో చేసే మిసో సూప్‌లో, ఉడాన్ అనే నూడుల్స్ పులుసులో, ముంచుకునే సాస్‌లో కూడా ఉంటుంది, పైకి ఏమీ కనపడదు, అందుకే వెజిటేరియన్ అని ఒక్క మాట చెబితే చాలదు. "నికు మో సకనా మో తబేమసెన్, దాషి మో దామే దెస్" అని చెప్పండి, మాంసం చేప తినం, దాషి కూడా వద్దు అని. జపనీస్‌లో రాసిన చీటీ ఒకటి చూపిస్తే ఇంకా నయం. టోక్యో స్టేషన్ గేట్ల లోపల టీస్ టన్‌టన్ అని పాలూ గుడ్లూ కూడా వాడని పూర్తి వీగన్ రామెన్ (నూడుల్స్ సూప్) షాపు ఉంది, మా నాన్న ఇక్కడ కడుపునిండా తిన్న మొదటి బయటి భోజనం అదే. టోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషికసాయ్ వైపు ఉంటే ఇండియన్ కిరాణా దొరుకుతుంది, లేకపోయినా చాలా బిజినెస్ హోటళ్ళలో కారిడార్‌లో మైక్రోవేవ్ ఉంటుంది, సూపర్ మార్కెట్లో ప్యాక్ రైస్, చక్కెర లేని ప్లేన్ పెరుగు 400 గ్రాముల డబ్బా కొనుక్కోండి. ఇక్కడి బియ్యం జిగురు, పులిహోరకి పనికిరాదు గానీ వేడివేడి అన్నం స్పూన్ వెనకతో మెదిపి, కాస్త ఉప్పు, పెరుగు కలిపి ఆవకాయ బద్ద పెడితే మా అమ్మ మొహం వెలిగిపోయింది. పంపు నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు. టాయిలెట్ల దగ్గర నీళ్ళ గురించి పెద్దవాళ్ళు బెంగపడతారు, చాలాచోట్ల బటన్ నొక్కితే నీళ్ళొచ్చే కమోడ్లే ఉంటాయి, ఆపే బటన్ ఏదో ముందు చూపించండి.

నడక మనం అనుకున్నదానికంటే బాగా ఎక్కువ, స్టేషన్ లోపలే మైలు నడిచినట్టుంటుంది, షింజుకు స్టేషన్‌కి రెండు వందలకి పైగా ఎగ్జిట్లున్నాయి. మోకాళ్ళ నొప్పులుంటే గూగుల్ మ్యాప్స్‌లో వీల్‌చైర్ రూట్ ఆప్షన్ పెట్టుకోండి, లిఫ్ట్ ఉన్న దారి చూపిస్తుంది. పెద్ద సూట్‌కేసులు రైళ్ళలో ఈడ్చుకోవద్దు, తక్యూబిన్ అని సామాను చేరవేసే సర్వీసు ఉంది, హోటల్ కౌంటర్‌లోనే ఇస్తే, క్యోటో వెళ్తుంటే అక్కడి హోటల్‌కి మామూలుగా మర్నాటికి చేరుస్తారు, ఒక్కోదానికి సుమారు రెండు మూడు వేల యెన్లు. షింకన్‌సెన్ అంటే బుల్లెట్ రైల్లోకే తీసుకెళ్ళాలంటే పొడవు వెడల్పు ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకి ముందే సీటుతో పాటు బుక్ చేయాలి. జేఆర్ పాస్, అంటే ఇన్ని రోజులని జేఆర్ రైళ్ళలో తిరగడానికి టూరిస్టులకిచ్చే పాస్, మాత్రం లెక్కేసుకుని కొనండి, 2023 అక్టోబర్లో ఏడు రోజులది 29,650 నుంచి 50,000 యెన్లకి పెంచేశారు, టోక్యో క్యోటో ఒకవైపు టికెట్ సుమారు 14 వేలు, వెళ్ళి రావడానికే అయితే విడి టికెట్లే నయం. సిటీలో తిరగడానికి రైళ్ళకీ బస్సులకీ గేటు దగ్గర ఆనిస్తే చాలే సుయికా కార్డు మనిషికొకటి తీసుకోండి, క్యాష్‌తో టాపప్ చేసేయొచ్చు, ఆ క్యాష్‌కి సెవెన్ ఇలెవెన్ షాపుల్లో ఏటీఎం ఉంటుంది. రైల్లో ఫోన్ మాట్లాడకూడదని పెద్దవాళ్ళకి ముందే చెప్పండి, ఊళ్ళో నుంచి కాల్ వస్తే గట్టిగా మాట్లాడే అలవాటు కదా. ఇండియాకి మూడున్నర గంటలు ముందుంటాం.

కరెంటు 100 వోల్టులు, పల్చటి రెండు పిన్నుల ప్లగ్గు, ఫోన్ చార్జర్లు అడాప్టర్‌తో పనిచేస్తాయి, ఊరి మిక్సీ మోసుకు రావద్దు.

ఇంకొక్కటి. పాస్‌పోర్ట్ ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలి, అది ఇక్కడి రూలు. దాంతోపాటు మీ అడ్రస్, ఫోన్ నంబర్ జపనీస్‌లో రాసిన చీటీ చొక్కా జేబులో పెట్టండి. మా నాన్న సాయంత్రం పార్కుకెళ్ళి దారి తప్పారు, ఫోన్ చార్జింగ్ అయిపోయింది, కోబాన్ అని వీధి మొదట్లో చిన్న పోలీసు గది ఉంటుంది, అక్కడ ఆ చీటీ చూపించారు. అందులో ఉన్నాయన బయటికొచ్చి మా బిల్డింగ్ గేటు దాకా నాన్న అడుగులో అడుగేస్తూ నడిచొచ్చి అప్పజెప్పి వెళ్ళాడు. ఆ చీటీ వెనక 110 పోలీస్, 119 అంబులెన్స్ అని తెలుగులో రాసి పెట్టండి.